దుమ్మును మింగిన ఇంజనీర్

ఈ వ్యాసానికి మూలం మన ఆడిటోరియంలోని ఎర్ర కార్పెట్. ఫెస్ట్‌కి ముందు దాన్ని శుభ్రం చేయించే పని నా నెత్తిన పడింది. క్లీనింగ్ వాళ్ళు ఇచ్చిన కొటేషన్‌లో డ్రై వ్యాక్యూమింగ్, ప్రీ స్ప్రే, షాంపూ, ఎక్స్‌ట్రాక్షన్, అప్‌హోల్‌స్టరీ అంటూ ఐదారు మాటలున్నాయి. ఒక్కటీ సరిగ్గా అర్థం కాలేదు. బడ్జెట్ సరిపోవట్లేదని మొదటి లైన్ కొట్టేసి మిగతావాటికి సంతకం పెట్టేశాను. రోజూ ఊడ్చే కార్పెట్టే కదా, ఎలాగూ కడుగుతున్నారు కదా, మళ్ళీ పొడిగా దుమ్ము తీయడం దేనికి అనుకున్నా.

ఏమైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడుగున పేరుకున్న దుమ్మంతా నీళ్ళతో కలిసి బురదైపోయింది. మూడు రోజులైనా తడి ఆరలేదు. ఆరాక, కింద ఉన్న మురికి దారాల వెంట పైకి పాకి కొత్త మరకలు తేలాయి. (దీన్ని వికింగ్ అంటారట. దీపం వత్తి నూనె పీల్చినట్టే.) రిహార్సల్‌కి వచ్చిన నా రూమ్మేట్‌కి ఆయాసం ఎక్కువై, ఇన్‌హేలర్ పట్టుకుని బయట మెట్ల మీద కూర్చుండిపోయాడు. నాటకంలో వాడి వేషం వేరేవాళ్ళు కట్టారు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఇబ్బందంతా అక్కడే.

ఆ రాత్రి, నేను పెన్నుతో కొట్టేసిన ఆ మొదటి మాట పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతుంటే హ్యూబర్ట్ సెసిల్ బూత్ తగిలాడు. సివిల్ వాళ్ళు, మెకానికల్ వాళ్ళు ఇద్దరూ మావాడే అనుకోగలిగిన మనిషి.

బూత్ 1871 జూలై 4న ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో పుట్టాడు. తండ్రిది కలప వ్యాపారం. లండన్‌లోని సెంట్రల్ టెక్నికల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు, అదీ అన్విన్ అనే పేరుమోసిన ప్రొఫెసర్ దగ్గర. తర్వాత మాడ్స్‌లే కంపెనీలో చేరి యుద్ధనౌకల ఇంజన్ల మీద పనిచేశాడు. అక్కడి నుంచి జెయింట్ వీల్స్ వైపు వెళ్ళాడు. మన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తిరిగేవాటిలా కాదు, భవనాలంత ఎత్తువి. బ్లాక్‌పూల్, వియన్నా, పారిస్ చక్రాల డిజైన్‌లో అతని చెయ్యి ఉంది. వియన్నాది 1897లో కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయినా మళ్ళీ నిలబెట్టారు, ఇప్పటికీ తిరుగుతోంది. దాని ఆకులు గట్టి కడ్డీలు కావు, లాగి బిగించిన ఉక్కు తాళ్ళు. సైకిల్ చక్రం లాగా అన్నమాట. ఇంత పెద్ద పనులు చేసిన మనిషి ముప్పై ఏళ్ళకి కార్పెట్ దుమ్ము మీద పడ్డాడు.

1901లో లండన్‌లో ఒక అమెరికన్ యంత్రాన్ని ప్రదర్శిస్తుంటే బూత్ చూడ్డానికి వెళ్ళాడు. అది కంప్రెస్డ్ ఎయిర్‌ని కార్పెట్‌లోకి గట్టిగా ఊదుతుంది. లేచిన దుమ్ము పైనున్న పెట్టెలో పడాలి. కొంత పడేది, చాలావరకు గదంతా లేచి మళ్ళీ అక్కడే దిగేది. మనం సంక్రాంతికి ముందు బూజు దులిపితే అది మన తలమీదే పడ్డట్టు. ఊదే బదులు పీలిస్తే పోదా అని బూత్ అడిగితే, అది అయ్యే పని కాదని అతన్ని కొట్టిపారేశారు.

తర్వాత జరిగింది మాత్రం నేను రెండుసార్లు చదివాను. విక్టోరియా స్ట్రీట్‌లోని ఒక రెస్టారెంట్‌లో, కూర్చునే సీటు మఖమల్ లాంటి గుడ్డ మీద కర్చీఫ్ పరిచి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. ఊపిరాడక దగ్గు తెర కమ్మేసింది. కానీ కర్చీఫ్ తిరగేసి చూస్తే కింది వైపు నల్లటి మచ్చ. దుమ్ము పైకి వచ్చింది, గుడ్డ దగ్గర ఆగింది. సక్షన్, ఫిల్టర్ రెండూ ఆ ఒక్క మచ్చలో ఉన్నాయి. నన్నడిగితే అసలు కనిపెట్టింది పంపు కాదు, ఆ కర్చీఫే. గాలిని లాగే పంపులు అప్పటికే ఎన్నో ఉన్నాయి. దుమ్మును ఆపి గాలిని వదిలే గుడ్డని సరైన చోట పెట్టడమే కావాల్సింది.

ఇంకోటి. వ్యాక్యూమ్ అనే పేరు కొంచెం మోసం. యంత్రం లోపల నిజమైన శూన్యం ఏమీ ఉండదు, పీడనం కాస్త తగ్గుతుందంతే. బయటి వాతావరణమే దుమ్మును లోపలికి తోస్తుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో ఇదే చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను, కొటేషన్ కాగితం మీద మాత్రం గుర్తురాలేదు.

బూత్ అదే ఏడాది పేటెంట్ తీసుకున్నాడు. కానీ అతని యంత్రం ఇంట్లో పట్టేది కాదు. పెట్రోల్ ఇంజన్, పిస్టన్ పంపు కలిపి బండి మీద ఎక్కించి, గుర్రాలతో లాగించి వీధిలో ఆపేవాళ్ళు. బండికి ఎర్ర రంగు. పొడవైన గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్ళలోకి వెళ్ళేవి. చాలా ఇళ్ళకి అప్పటికి కరెంటే లేదు కాబట్టి, యంత్రాన్ని అమ్మడం కంటే శుభ్రం చేసే పనిని అమ్మడమే దారి. ఆ చప్పుడుకి గుర్రాలు బెదురుతున్నాయని బగ్గీలవాళ్ళు గొడవ చేశారు, పోలీసులూ అభ్యంతరం చెప్పారు. డబ్బున్న ఇళ్ళల్లో మాత్రం అదో వేడుకైంది. అతిథుల్ని టీకి పిలిచి, పారదర్శకమైన గొట్టంలోంచి తమ ఇంటి దుమ్ము పోతుంటే చూపించుకునేవారట. తమ మురికిని చూపించి గొప్పలు పోయినవాళ్ళ గురించి వినడం నాకిదే మొదలు.

1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలోని కార్పెట్లు శుభ్రం చేసే పని బూత్‌కి వచ్చింది. అంతకుముందైతే కార్పెట్ ఊడదీసి, బయట తాడు మీద వేసి కర్రతో బాదాలి. బూత్ యంత్రం దాన్ని కదపకుండానే పని ముగించింది. ఆ తర్వాత రాజు చూడాలనుకుంటే ప్యాలెస్‌లో ప్రదర్శన ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో క్రిస్టల్ ప్యాలెస్‌లో ఉన్న నావికాదళం వాళ్ళకి జ్వరాలు పాకితే, బూత్ యంత్రాలు అక్కడి నుంచి 26 టన్నుల దుమ్ము తీశాయని చెబుతారు. ఈ లెక్క దగ్గర ఆగి, మా రూమ్మేట్ వైపు ఒకసారి చూశాను. నిద్రపోతున్నాడు.

బూత్ పేరు మనకెందుకు తెలియదంటే, ఇళ్ళలోకి వెళ్ళింది వేరే యంత్రం కాబట్టి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో జేమ్స్ స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద షాపులో ఊడ్చే పని చేసేవాడు. ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా ఊపిరాడేది కాదు. ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తనకోసం ఒక యంత్రం చేసుకున్నాడు. 1908లో పేటెంట్ వచ్చింది, తర్వాత ఆ హక్కులు హూవర్ చేతికి వెళ్ళాయి. బూత్ సొంత దేశం ఇంగ్లండ్‌లోనే జనం ఇల్లు హూవర్ చేయడం అంటారు, బూత్ చేయడం అనరు. నాకిది అన్యాయమే అనిపించింది. అయితే స్పాంగ్లర్ ఆయాసం తలుచుకుంటే గట్టిగా అనలేకపోతున్నా. బూత్ మాత్రం వంతెనలు, ఫ్యాక్టరీలకు పెద్ద సక్షన్ ప్లాంట్లు చేసుకుంటూ పనిలోనే ఉన్నాడు. 1955 జనవరి 14న క్రోయ్‌డన్‌లో చనిపోయాడు.

పోయిన వారం ఆడిటోరియానికి మళ్ళీ క్లీనింగ్ వాళ్ళొచ్చారు. ఈసారి కాగితం చదివే సంతకం పెట్టాను. ముందు పొడిగా వ్యాక్యూమ్, పైల్ అంటే నిలబడ్డ దారాల్ని రెండు వైపుల నుంచీ లేపుతూ. తర్వాతే నీళ్ళు. వాళ్ళు స్టీమ్ అని రాసింది నిజానికి ఆవిరి కాదు, వేడినీళ్ళు చిమ్మి వెంటనే లాగేయడం. ఎక్స్‌ట్రాక్షన్ అంటే అదే. అప్‌హోల్‌స్టరీ అంటే కుర్చీల గుడ్డ, దాని లోపలి మెత్త. గుడ్డ రకం చూడకుండా తడపొద్దని నేనే వాళ్ళకి చెప్పేసరికి సూపర్‌వైజర్ నవ్వాడు.

పని మొదలవకముందు మూడో వరుసలో ఒక కుర్చీ మీద నా కర్చీఫ్ పరిచి, నోటితో కాదులెండి, వాళ్ళ గొట్టంతోనే పీల్పించి చూశాను. అరచేతి మందాన నల్ల వలయం పడింది. దాన్ని రూమ్మేట్‌కి చూపిస్తే, మూట కట్టి దూరంగా పెట్టమన్నాడు. ఫెస్ట్ తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అదే.