పాలగుమ్మి పద్మరాజు

పాలగుమ్మి పద్మరాజు (1915 జూన్ 24 - 1983 ఫిబ్రవరి 17) ప్రముఖ తెలుగు కథకుడు, నవలాకారుడు, సినీ రచయిత. పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి మండలం తిరుపతిపురంలో జన్మించాడు. 1939 నుండి 1952 వరకు కాకినాడ పి.ఆర్. కళాశాలలో సైన్సు అధ్యాపకుడిగా పనిచేశాడు.

సాహిత్యం

నియమబద్ధంగా జీవించిన ఒక పెద్దమనిషి నమ్మకాలు తుఫాను రాత్రి ఒక బిచ్చగత్తె సమక్షంలో కూలిపోవడం "గాలివాన" కథ ఇతివృత్తం. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో దీనికి ద్వితీయ బహుమతి లభించింది. ఇతని నవలలలో నల్లరేగడి, రామరాజ్యానికి రహదారి ముఖ్యమైనవి.

సినిమా రంగం

బి.ఎన్.రెడ్డి చిత్రం "బంగారు పాప" (1955)తో సినీ రచయిత అయ్యాడు. జార్జ్ ఇలియట్ నవల "సైలస్ మార్నర్" దీనికి ఆధారం. అనాథ పసిపాప ఒక కఠినుడి మనసు మార్చే ఈ కథ తెలుగు జీవితంలో ఒదిగిపోయింది. తరువాత "రంగులరాట్నం" (1966) మొదలైన చిత్రాలకు రచన చేశాడు. "బికారి రాముడు" (1961)కు దర్శకత్వం వహించాడు.

"గాలివాన" కథాసంపుటికి 1985లో, మరణానంతరం, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.