ఖరగ్‌పూరు కార్మికుల నడుమ శ్రీ వరాహగిరి

దుఃఖితుని చూచి జాలిపడుట సులభము. అతని ప్రక్కన నిలిచి, అతని భారములో కొంత తన భుజముపై మోయుట కష్టము. మొదటిది మనస్సును క్షణకాలము కరగించి పోవును. రెండవది జీవితమునకే అర్థము నొసగును. శ్రీ వరాహగిరి వెంకటగిరి జీవితము దీనికి నిదర్శనము.

ఆయన 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది. గిరిగారును న్యాయశాస్త్రము నభ్యసింపగోరి 1913లో ఐర్లండునందలి డబ్లిను నగరమునకు వెళ్ళిరి. ఆ యేడే అచటి కార్మికులు సంఘముగ నేర్పడు హక్కునకై పెనుగులాడి మాసములతరబడి ఆకలికి గురియైరి. ఆ దేశపు స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము కలిగినందున 1916లో గిరిగారు స్వదేశమునకు మరలిరావలసివచ్చెను. ఇచట న్యాయవాదవృత్తి నారంభించియు, గాంధీజీ పిలుపు విని దానిని త్యజించిరి.

బరంపురము మీదుగా పోవు బెంగాల్ నాగపూర్ రైలుమార్గమే ఆయనకు కర్మక్షేత్రమయ్యెను. ఆ కంపెనీవారి పెద్ద కర్మాగారము ఖరగ్‌పూరున నుండెను. గంజాం, విశాఖపట్టణము జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై వెళ్ళిన తెలుగువా రనేకులు అచట స్థిరపడిరి. వారి సంతతివారు నేటికిని ఆ పట్టణమున నివసించుచున్నారు.

1927లో ఆ కార్మికులకు గొప్ప ఆపద వచ్చెను. ఫిబ్రవరిలో ఒక సమ్మె జరిగెను. సెప్టెంబరులో కర్మాగారమునుండి అనేకులను తొలగింపబూనగా అలజడి పెరిగి, కర్మాగారము మూతపడెను. దినవేతనమే ఆధారముగా గల కుటుంబములకు తలుపులు మూయుటయనగా పొయ్యి ఆరుటయే. గిరిగారు దూరమునుండి సలహా లొసగు న్యాయవాదిగ గాక, సంఘమున వారిలో నొకరై నిలిచిరి. ఉద్యోగములు పోయినవారి హక్కులకై ఆయన అహింసాయుతముగ నడిపిన పోరాటము భారత కార్మికోద్యమ చరిత్రలో చిరస్మరణీయమయ్యెను.

సేవకునకు ఒక ప్రమాదము కలదు. తానే ఉద్ధారకుడననెడి అహంకారము తెలియకయే తలయెత్తును. ఎదుటివాని దైన్యము తన గొప్పతనమునకు మెట్టగును. గిరిగారి విశ్వాసము దీనికి భిన్నమైనది. పైవారి తీర్పుకొరకు వేచియుండక, కార్మికుడు యజమానితో సమానముగ కూర్చుండి మాటలాడి వివాదమును పరిష్కరించుకొనవలెనని ఆయన మతము. 1952లో కేంద్ర కార్మికమంత్రియైన పిమ్మటను దానిని విడువలేదు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమగు తీర్పును ప్రభుత్వము సవరింపగా, 1954లో పదవికి రాజీనామా నిచ్చిరి.

1969లో ఆయన రాష్ట్రపతియైరి. 1974 మే మాసమున దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె చేసి, వేలకొలదిగా నిర్బంధింపబడినప్పుడు ఆ పీఠమున నున్నది ఆయనయే! మంత్రివర్గము సలహాకు కట్టుబడిన ఆ పదవిలో, ఖరగ్‌పూరున వలె వారి ప్రక్కన నిలుచుటకు తావులేదు. ఉన్నతపదవి గౌరవము నీయగలదు. దుఃఖితుని సాన్నిధ్యము నీయజాలదు.

1975లో భారతరత్న బిరుదము నందుకొని, 1980 జూన్ మాసమున ఆయన కన్నుమూసిరి. జీవితమున కర్థమేమని కొందరు ఏకాంతమున వెదకుచుందురు. అది యొక్కొక్కప్పుడు మూసిన కర్మాగారపు తలుపు వెలుపల, పని పోయినవాని ప్రక్కన లభించును. అచటికి పోవుటకు పదవి అక్కరలేదు. పోయి నిలుచు ఓర్మి చాలును.