లేని కంపెనీ జీతం ఎగ్గొట్టదు: ఇబ్న్ సీనా తర్కం

గల్ఫ్‌లో మేము తిరిగే వీధుల్లో ఇబ్న్ సీనా పేరు మందుల షాపుల బోర్డుల మీద కనిపిస్తూనే ఉంటుంది. ఆయన పెద్ద వైద్యుడని మనలో చాలామంది విన్నదే. హైదరాబాద్‌లో యునానీ హకీములు కూడా ఆయన్ని తలుచుకుంటారు. తర్కంలో ఆయన చేసిన పని మాత్రం ఎక్కువమందికి తెలియదు.

980లో బుఖారా దగ్గర అఫ్షానా అనే ఊళ్లో పుట్టారు. అదిప్పుడు ఉజ్బెకిస్తాన్. పదేళ్లకే ఖురాన్ కంఠస్థం. పదిహేడేళ్లు దాటకుండానే రాజుగారికి వైద్యం చేసి, రాజు పుస్తకాల గదిలోకి అనుమతి సంపాదించారు. అరిస్టాటిల్ తత్వగ్రంథాన్ని నలభై సార్లు చదివినా తలకెక్కలేదట. బజార్లో ఒకాయన బతిమాలితే మూడు దిర్హాములకు ఫారాబీ పుస్తకం కొన్నారు, దాంతో చిక్కు విడిపోయింది. మూడు దిర్హాములకు ఇవాళ మనకు టీ వస్తుంది!

తండ్రి పోయారు, రాజ్యం కూలింది. అక్కణ్ణుంచి గుర్గంజ్, జుర్జాన్, రయ్, హమదాన్... పని వెతుక్కుంటూ ఊళ్లు మారడమే. హమదాన్‌లో మంత్రి అయితే సైనికులు తిరగబడి ఇల్లు దోచారు, నలభై రోజులు దాక్కున్నారు. రాజు పోయాక మళ్లీ దాక్కోవలసి వచ్చింది, ఈసారి ఒక మందుల వ్యాపారి ఇంట్లో. దగ్గర పుస్తకం లేకుండా రోజుకు యాభై పేజీల చొప్పున ‘షిఫా’ రాసింది అక్కడే. అందులో తర్కం భాగం కూడా అక్కడే మొదలైంది.

అరిస్టాటిల్ ఎత్తిన చిక్కు ఒకటుంది. సోక్రటీస్ అనే మనిషే లేకపోతే, ఆయనకు జబ్బు అన్నదీ అబద్ధమే, ఆరోగ్యంగా ఉన్నాడన్నదీ అబద్ధమే. జబ్బుగా లేడు అంటే మాత్రం నిజం. ఇబ్న్ సీనా దీన్ని గట్టిపరిచారు. ఒకదానికి ఏదైనా ఉందని చెప్పే మాట నిజం కావాలంటే ఆ ఒకటి ముందు ఉండాలి, బయటైనా మనసులోనైనా. లేదని చెప్పే మాటకు ఆ షరతు లేదు. మన గండభేరుండం చూడదు అంటే నిజమే. గుడ్డిది అంటే అబద్ధం, ఎందుకంటే గుడ్డిదవ్వాలన్నా పక్షి ఉండాలిగా.

త్రిభుజం అంటే ఏమిటో తెలిసినా అది లోకంలో ఉందో లేదో తెలియకపోవచ్చు అనీ ఆయన చెప్పారు. సైట్‌లో మాకిది రోజూ అనుభవమే. డ్రాయింగ్ పరిస్తే అంతస్తులెన్నో, స్టీలెంతో అన్నీ చెబుతాం. బిల్డింగ్ మాత్రం ఇంకా ఉండదు.

ఊళ్లో ఏజెంటు మాటలకు ఈ కొలబద్ద పెట్టి చూడండి. జీతం ఇంత, రూము ఉచితం, ఓవర్‌టైం ఖాయం అంటాడు. ఆ పేరుతో కంపెనీయే లేకపోతే అవన్నీ అబద్ధాలే. ఆ కంపెనీ ఇంతవరకూ ఎవరి జీతమూ ఎగ్గొట్టలేదు అంటాడు చూడండి, అది మాత్రం నిజం! లేని కంపెనీ ఎగ్గొట్టేదేముంది? అందుకే జీతం బేరం కంటే ముందు కంపెనీ ఉందా అని అడగమని కొత్తగా వచ్చేవాళ్లకు మేము చెబుతాం.

తర్వాత ఆయన్ని ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బంధించారు. విడుదలయ్యాక సూఫీ వేషంలో ఇస్ఫహాన్ చేరి, తర్కం భాగం అక్కడ పూర్తి చేశారు. 1037లో రాజు వెంట ప్రయాణంలో కడుపునొప్పి ముదిరి కన్నుమూశారు. సమాధి హమదాన్‌లోనే ఉంది.