దీనా పాఠక్: అమ్మ పాత్రకు వ్యక్తిత్వాన్నిచ్చిన నటి

హిందీ చలనచిత్రాలలో తల్లి పాత్రకు చాలాకాలం ఒక స్థిరమైన మూస ఉండేది. తెల్లచీర, కుట్టుమిషను, కొడుకు కోసం ఎదురుచూపు, చివరకు కన్నీరు. ఆ మూసలో ఒదగని తల్లులను, అత్తలను, నానమ్మలను మూడు దశాబ్దాలకు పైగా తెరమీదికి తెచ్చిన నటి దీనా పాఠక్. అబద్ధాన్ని నిలబెట్టడానికి కిటికీలోంచి ఇంట్లోకి దూరే పెద్దావిడగా, ఇంటిల్లిపాదినీ గడియారం ప్రకారం నడిపించే గృహిణిగా, శిథిలమవుతున్న ఇంటి కోసం భర్తతో కలిసి న్యాయస్థానం మెట్లెక్కే వృద్ధురాలిగా ఆమె దేశమంతటా ప్రేక్షకులకు సుపరిచితురాలు. ఆ పాత్రల వెనుక ఉన్న సుదీర్ఘ రంగస్థల జీవితం మాత్రం గుజరాత్ వెలుపల అంతగా ప్రచారంలోకి రాలేదు. సినిమా నటిగా స్థిరపడేనాటికి ఆమె వయస్సు యాభై దాటింది.

ఉద్యమం నుంచి రంగస్థలానికి

దీనా గాంధీ 1922 మార్చి 4న గుజరాత్‌లోని అమ్రేలీలో జన్మించారు. ఆమె యౌవనం స్వాతంత్ర్యోద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులలో గడిచింది. బొంబాయిలో చదువుకుంటూ విద్యార్థి ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆమెను కళాశాల నుంచి బహిష్కరించారు. ఆమె వెనుకంజ వేయలేదు. మరో కళాశాలలో చేరి పట్టభద్రురాలయ్యారు.

1943లో బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘం, అంటే ఇప్టా, ఆవిర్భవించింది. ఒకవైపు ప్రపంచయుద్ధం, మరోవైపు బెంగాల్ కరవు. ప్రజల కష్టాలను ప్రజల కళారూపాలలోనే చెప్పాలన్నది ఆ సంస్థ ఆశయం. ఆంధ్ర ప్రాంతంలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టి ఊరూరా తిప్పినట్లే, గుజరాత్‌లో ఇప్టా కళాకారులు భవాయిని చేపట్టారు. దీనా, ఆమె అక్క శాంతా గాంధీ, చెల్లెలు తర్లా ముగ్గురూ ఈ ఉద్యమంలో భాగస్వాములయ్యారు. రసిక్‌లాల్ పరీఖ్ వద్ద నటనలో, శాంతి బర్ధన్ వద్ద నృత్యంలో దీనా శిక్షణ పొందారు.

భవాయి గుజరాత్ పల్లెల జానపద నాటకం. పద్నాలుగో శతాబ్దికి చెందిన అసాయిత్ ఠాకర్‌ను దానికి మూలపురుషుడిగా చెబుతారు. ఆరుబయట, వేదిక లేకుండా, ప్రేక్షకుల నడుమనే ఆడతారు. పాట, నృత్యం, హాస్యం, అధికారంలో ఉన్నవారిపై ఎత్తిపొడుపు అందులో కలగలిసి ఉంటాయి. సంప్రదాయికంగా అందులో స్త్రీ వేషాలు కూడా పురుషులవే.

పట్టణాల వృత్తి నాటకరంగంలోనూ అదే తీరు. తెలుగు రంగస్థలానికి స్థానం నరసింహారావు ఎటువంటివారో, గుజరాతీ రంగస్థలానికి జయశంకర్ భోజక్ అటువంటివారు. స్త్రీ పాత్రపోషణలో ఆయనకు ఎంత పేరు వచ్చిందంటే, తాను ధరించిన ఒక పాత్ర పేరు మీదుగా జయశంకర్ ‘సుందరి’గానే జీవితాంతం ప్రసిద్ధులయ్యారు. కులీన కుటుంబాల స్త్రీలు నాటకాలు ఆడటాన్ని సమాజం చిన్నచూపు చూసేది. అటువంటి కాలంలో, చదువుకున్న యువతులు తమ పేర్లతో, తమ ముఖాలతో వేదికనెక్కడమే ఒక సాహసం.

రాష్ట్రపతి భవన్‌లో ‘మేనా గుర్జరి’

దీనా రంగస్థల జీవితానికి శిఖరం ‘మేనా గుర్జరి’. రసిక్‌లాల్ పరీఖ్ రచించిన ఈ నాటకాన్ని 1950వ దశకంలో అహ్మదాబాద్‌కు చెందిన నటమండల్ ప్రదర్శించింది. దానికి ప్రాణం పోసినవారు జయశంకర్ సుందరి. జానపద గాథలలోని ఒక గుర్జర వనిత కథకు భవాయి రీతులను జోడించి రూపొందించిన ఆ నాటకంలో మేనా పాత్రను దీనా ధరించారు. పురుషుడై ఉండి స్త్రీ సౌకుమార్యాన్ని దశాబ్దాలపాటు అభినయించిన మహానటుని మార్గదర్శనంలో, ఒక స్త్రీ స్త్రీ పాత్రలో గుజరాతీ ప్రేక్షకుల ముందు నిలిచింది. ఒక తరం తన విద్యను మరో తరం చేతిలో పెట్టిన సందర్భమది.

నాటకం విశేషమైన జనాదరణ పొందింది. 1957లో ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్‌లో, నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ సమక్షంలో ప్రదర్శితమైంది. పల్లె మైదానాల్లో కాగడాల వెలుగులో ఆడే కళారూపానికి అంతకు మించిన గౌరవం ఏముంటుంది?

ఈ మధ్యకాలంలో సినిమా ఆమెను పిలవకపోలేదు. 1948లో ‘కరియావర్’ అనే గుజరాతీ చిత్రంలో నటించారు. కానీ వెంటనే రంగస్థలానికే తిరిగి వెళ్లారు. మళ్లీ తెరమీద కనిపించింది 1966లో, బాసు భట్టాచార్య దర్శకత్వం వహించిన ‘ఉస్కీ కహానీ’లో. 1969లో వచ్చిన ‘సాత్ హిందుస్తానీ’లోనూ ఆమె ఉన్నారు. ఇప్టా సహచరుడు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ తీసిన ఆ చిత్రంతోనే అమితాబ్ బచ్చన్ నటునిగా పరిచయమయ్యారు.

నవ్వించిన అమ్మ, శాసించిన అమ్మ

1970వ దశకంలో హిందీ సినిమాలో కొత్త గాలి వీచింది. గుల్జార్, శ్యామ్ బెనెగల్, హృషికేశ్ ముఖర్జీ వంటి దర్శకులకు తారల కంటే నటులు ఎక్కువ అవసరమయ్యారు. ‘మౌసమ్’, ‘భూమిక’, ‘కితాబ్’ చిత్రాలలో దీనా పాఠక్ పాత్రల నిడివి తక్కువే అయినా ముద్ర గాఢంగా పడింది.

1979లో విడుదలైన ‘గోల్‌మాల్’ ఆమెను ఇంటింటికీ చేర్చింది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అబద్ధాల మీద అబద్ధాలు అల్లే యువకునిగా అమోల్ పాలేకర్, మీసం లేని మగవాణ్ణి నమ్మని యజమానిగా ఉత్పల్ దత్ నటించారు. లేని తల్లిని సృష్టించవలసి వచ్చినప్పుడు ఆ యువకుడు ఆశ్రయించేది దీనా ధరించిన కమలా శ్రీవాస్తవను. సంఘంలో పరపతి గల ఆ పెద్దావిడ మొదట సంకోచిస్తుంది. క్రమంగా ఆ ఆటలోని ఆనందానికి లోనవుతుంది. ఒక తల్లి చాలక, ఆమెకొక కవల సోదరిని కూడా అభినయించవలసి వస్తుంది. వేషం మీద వేషం వేసే ఈ పాత్ర భవాయిలో ఆరితేరిన నటికి కొట్టిన పిండి. ఆమె ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించినట్లు కనిపించదు. పరువు గల స్త్రీ పరువు కాపాడుకోవడానికి పడే తంటాలే నవ్వు పుట్టిస్తాయి.

మరుసటి ఏడాది, 1980లో, అదే దర్శకుడు ‘ఖూబ్‌సూరత్’లో ఆమెకు పూర్తిగా భిన్నమైన పాత్రనిచ్చారు. నిర్మలా గుప్తా ఇంట్లో భోజనానికి, నిద్రకు, ఆటపాటలకు అన్నింటికీ వేళలుంటాయి. రేఖ పోషించిన అల్లరి అమ్మాయి ఆ ఇంటికి వచ్చి నియమాలన్నింటినీ తారుమారు చేస్తుంది. ఆ ఇంటి నియంతృత్వాన్ని వెక్కిరిస్తూ పిల్లలు చాటుగా ఒక నాటకం ఆడతారు. దాన్ని నిర్మల చూస్తుంది. తన ప్రేమ తన వారికి నిరంకుశత్వంగా కనిపించిందని ఆమెకు అప్పుడే తెలుస్తుంది. ఆ క్షణంలో కోపం, గాయం రెండూ ఆమె ముఖంలో ఒకేసారి కదలాడతాయి. ఆ పాత్రను దుష్టురాలిగా మలచడం సులభం. దీనా ఆమెను ఒంటరిగా బాధ్యత మోస్తున్న మనిషిగా చూపించారు. కథ ముగిసేనాటికి ప్రేక్షకుల సానుభూతిలో సగం ఆమెకే దక్కుతుంది.

ఆ ఏడాదే కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆమెకు పురస్కారం ప్రకటించింది. ఆ ఏడాదే భవాయి కూడా ఆమెను తిరిగి వెతుక్కుంటూ వచ్చింది. కేతన్ మెహతా తన తొలి చిత్రం ‘భవ్‌నీ భవాయి’ని ఆ జానపద రీతిలోనే తీర్చిదిద్దారు. అంటరానితనంపై సంధించిన ఆ వ్యంగ్య చిత్రంలో, నదిలో కొట్టుకువచ్చిన రాజు బిడ్డను పెంచుకునే దళిత దంపతులుగా ఓంపురి, దీనా పాఠక్ నటించారు. అదే దర్శకుని ‘మిర్చ్ మసాలా’లో, కారం కార్ఖానాలో పనిచేసే స్త్రీలు సుబేదారు దౌర్జన్యాన్ని ఎదిరిస్తారు. అందులో దీనాతో పాటు ఆమె కుమార్తెలు రత్నా పాఠక్, సుప్రియా పాఠక్ కూడా నటించారు.

బుల్లితెరపై విభజన గాయం

1984లో సయీద్ మీర్జా తీసిన ‘మోహన్ జోషీ హాజిర్ హో’లో రచయిత భీష్మ్ సాహ్నీ, దీనా పాఠక్ భార్యాభర్తలుగా నటించారు. శిథిలావస్థలోని ఇంటికి మరమ్మతులు చేయించని యజమానిపై దావా వేసి, ఏళ్ల తరబడి వాయిదాల చుట్టూ తిరిగే వృద్ధ దంపతుల కథ అది.

నాలుగేళ్ల తర్వాత ఆ జంట మళ్లీ కలిసింది. భీష్మ్ సాహ్నీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ రూపొందించిన ‘తమస్’ 1988 జనవరిలో దూరదర్శన్‌లో ప్రసారమైంది. దేశ విభజన నాటి మతకల్లోలాల చిత్రణ అది. ప్రసారాన్ని నిలిపివేయాలన్న వివాదం బొంబాయి హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు చేరింది. చివరకు న్యాయస్థానాలు ప్రసారానికే మొగ్గు చూపాయి. అందులో సాహ్నీ, దీనా ఒక పల్లెలో బతికే వృద్ధ సిక్కు దంపతులు హర్నామ్ సింగ్, బంతో. ఉన్నదంతా వదులుకుని, చీకట్లో కాలినడకన బయలుదేరి, ముక్కూమొహం తెలియని ముస్లిం ఇంటి తలుపు తడతారు. తలుపు తెరిచే గృహిణిగా సురేఖా సిక్రీ నటించారు. మాటలు తక్కువగా ఉన్న ఆ సన్నివేశంలో ఇద్దరు స్త్రీల చూపులే కథ చెబుతాయి. విభజనను కళ్లారా చూసిన తరానికి, ఆ తర్వాత పుట్టిన కోట్లాది వీక్షకులకు ఆ దృశ్యం వారధి అయింది.

తెర వెలుపల

దీనా భర్త బల్‌దేవ్ పాఠక్ దుస్తుల తయారీలో పేరున్నవారు. దిలీప్ కుమార్, రాజేశ్ ఖన్నా వంటి నటులకు దుస్తులు రూపొందించారు. నసీరుద్దీన్ షా, పంకజ్ కపూర్ ఆమె అల్లుళ్లు. ఇంటినిండా నటులున్నా ఆమె దృష్టి నటన దగ్గరే ఆగలేదు. భారత జాతీయ మహిళా సమాఖ్యకు ఆమె అధ్యక్షురాలిగా పనిచేశారు. యువతిగా ఉద్యమంలో మొదలైన నడక వార్ధక్యం వరకూ ఆగలేదనడానికి ఆ బాధ్యతే సాక్ష్యం.

డేవిడ్ లీన్ ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నుంచి దీపా మెహతా ‘బాలీవుడ్ హాలీవుడ్’ దాకా విదేశీ చిత్రాలలోనూ నటించిన దీనా పాఠక్, 2002 అక్టోబర్ 11న ముంబయిలో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు. చివరి చిత్రం ‘పింజర్’ మరుసటి ఏడాది విడుదలైంది. అమృతా ప్రీతమ్ నవలకు తెరరూపమైన అది కూడా విభజన కథే.

2014లో ‘ఖూబ్‌సూరత్’ కొత్త రూపంలో వచ్చింది. ఇంటిని నియమాలతో ఏలే తల్లి పాత్ర ఈసారి రాణిగా మారింది. ఆ పాత్రను ధరించినవారు రత్నా పాఠక్ షా.