మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు

చెన్నై: దక్షిణ భారత క్రికెట్ పితామహునిగా ఖ్యాతిగాంచిన మోతవరపు వెంకట మహీపతి నాయుడు 1868లో జన్మించారు. మద్రాసులో స్థిరపడిన సంపన్న తెలుగు కుటుంబానికి చెందిన ఆయన బుచ్చిబాబుగా ప్రసిద్ధులు.

ఆ రోజుల్లో క్రికెట్ తెల్లదొరల ఆట. 1846లో వెలసిన మద్రాసు క్రికెట్ క్లబ్బులో భారతీయులకు సభ్యత్వం లేదు. చేపాక్ మైదానంలో ఆడేందుకు వచ్చిన స్థానికులకు పెవిలియన్ ప్రవేశం సైతం నిషిద్ధమే. చెట్టు నీడనే భోజనం చేయవలసి వచ్చేది.

ఈ వివక్షకు బుచ్చిబాబు ఆటతోనే సమాధానం చెప్పదలిచారు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, ఉత్సాహవంతులైన యువకులను చేరదీశారు. బ్యాట్లు, ప్యాడ్లు సొంత ఖర్చుతో సమకూర్చి, శిక్షణ ఇప్పించారు. భారతీయులకూ సొంత క్లబ్బు, సొంత మైదానం ఉండాలన్న ఆయన పట్టుదల ఫలించింది.

యూరోపియన్లతో భారతీయులు సమాన హోదాలో తలపడాలన్నది ఆయన చిరకాల వాంఛ. ఇరుపక్షాలనూ ఒప్పించి 1908 డిసెంబరులో ప్రెసిడెన్సీ మ్యాచ్‌కు రంగం సిద్ధం చేశారు. విధి వక్రించి, పోటీకి కొద్ది రోజుల ముందే నలభై ఏళ్ల ప్రాయంలో కన్నుమూశారు. మ్యాచ్ మాత్రం ఆగలేదు. అనంతర కాలంలో అది సంక్రాంతి వేళ జరిగే వేడుకగా స్థిరపడి, 1952 వరకు కొనసాగింది.

ఆయన కుమారుడు కోట రామస్వామి 1936లో ఇంగ్లండ్‌పై మాంచెస్టర్ టెస్టులో ఆడి 40, 60 పరుగులు సాధించారు. బుచ్చిబాబు స్మారక టోర్నమెంటు తరతరాల యువ క్రీడాకారులకు తొలి మెట్టుగా నిలిచింది. కొన్నేళ్ల విరామం తర్వాత 2023లో ఇది పునఃప్రారంభం కాగా, 2024లో హైదరాబాద్ జట్టు విజేతగా నిలిచింది. నాడు చెట్టు నీడకే పరిమితమైన ఆటగాళ్ల కోసం శ్రమించిన బుచ్చిబాబు కృషి చిరస్మరణీయం.