పార్లమెంటుకు సైకిల్‌పై వెళ్లిన తెలుగు ఎంపీ.. ఆస్తి కూడా పార్టీకే ఇచ్చేసిన సుందరయ్య జీవితం ఇదీ!

గోదావరిఖని: ఫస్ట్ షిఫ్ట్ అంటే తెల్లారకముందే సైకిళ్లు వరసగా బాయి దారి పట్టేవి. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, చక్రానికి డైనమో లైటు. ఖనిలో ఇప్పుడు ఆ దారంతా బైకులే. పాత ఇళ్లల్లో మాత్రం ఇంకా ఓ బరువైన స్టీల్ సైకిల్ గోడకి ఆనించి కనిపిస్తుంది. రాడ్ బ్రేకులు, లెదర్ సీటు, అటూఇటూగా 20 కిలోల బరువు. ఇప్పుడు రీల్స్‌లో కుర్రాళ్లు వింటేజ్ అని మురిసిపోతున్నది ఇలాంటి పాత ఇనుము చూసే! 1950ల్లో ఇలాంటి సైకిలే తొక్కుకుంటూ పార్లమెంటుకు వెళ్లిన తెలుగాయన ఒకరున్నారు. పుచ్చలపల్లి సుందరయ్య.

ఖనితో ఆయనకేం సంబంధం అంటారా? సింగరేణిలో ఇవాళ్టికీ జెండా పట్టుకుని తిరిగే సీఐటీయూ 1970లో పుట్టినప్పుడు సీపీఎం ప్రధాన కార్యదర్శి ఆయనే.

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూమున్న ఇంట్లో పుట్టారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. చివర్న ఉన్న కులం పేరుని తనే తీసేసుకున్నారు. మద్రాస్ లయోలా కాలేజీలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో చదువు వదిలేసి జైలుకెళ్లారు. అప్పటికి 17 ఏళ్లే. బయటికొచ్చాక సొంతూళ్లో వ్యవసాయ కూలీలని సంఘం పెట్టించారు. అంటే, సొంత వర్గం భూస్వాముల మీదికే కూలీలని నిలబెట్టారన్నమాట. ఇంట్లోవాళ్లకి ఎలా ఉండుంటుందో ఊహించుకోవచ్చు.

1943లో లీలని పెళ్లి చేసుకున్నారు. ఉద్యమానికి అడ్డం కాకూడదని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. తన వాటాకొచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం, ఏళ్ల తరబడి అజ్ఞాతం. 1951లో పోరాటం ఆగింది. 1952లో చూస్తే ఆయన రాజ్యసభ ఎంపీ, కమ్యూనిస్టు గ్రూపు నాయకుడు! పోలీసులు వెతికిన మనిషి ఏడాది తిరిగేసరికి పార్లమెంటు మెట్లెక్కారు. ఆ వెళ్లడం సైకిల్ మీద.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. అప్పట్లో సైకిల్ అంటే చవక వస్తువేం కాదు. కూలి చేసుకునేవాడు కొనాలంటే నెలల తరబడి దాచుకోవాల్సిందే. కానీ ఎంపీ హోదాకి మాత్రం అది చిన్నతనం కింద లెక్క. ఆయన ఆ లెక్క పట్టించుకోలేదు. ఎంపీ జీతం పార్టీకి, పార్టీ ఇచ్చే అలవెన్స్ ఇంటికి. ఆ డబ్బుల్లో సైకిలే సరిపోతుంది మరి! ఈ రోజుల్లో పెట్రోల్ రేటు పెరిగినప్పుడు కెమెరా ముందు ఒక్కపూట సైకిలెక్కి, సందు తిరగ్గానే కారెక్కే నాయకులని మేం వీడియోల్లో చాలామందినే చూపించాం. సుందరయ్యకి అది రోజూ ఉండే పని.

1955 ఎన్నికల్లో ఆంధ్రలో కమ్యూనిస్టులు ఘోరంగా ఓడిపోయారు, 15 సీట్లే వచ్చాయి. ఆ గాలిలోనూ గన్నవరంలో ఆయన గెలిచారు. 1962లో మళ్లీ. హైదరాబాద్‌లో అసెంబ్లీకి కూడా సైకిల్‌పైనే వెళ్లేవారు.

1964లో పార్టీ చీలాక సీపీఎం తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ పదవి కూడా పట్టుకుని కూర్చోలేదు. ఎమర్జెన్సీ టైంలో జనసంఘ్‌తో కలిసి నడవడం ఆయనకి నచ్చలేదు. పార్టీ లైన్ మారదని తేలాక 1976లో రాజీనామా చేశారు. ఆస్తినీ పిల్లలనీ వదులుకుని నిలబెట్టుకున్న పార్టీలో ఒంటరి కావడం ఎంత కష్టమో గానీ, పార్టీని మాత్రం వదల్లేదు. రాష్ట్రానికి తిరిగొచ్చి కింది నుంచి పని మొదలుపెట్టారు. 1978లో మళ్లీ గన్నవరం ఎమ్మెల్యే.

ఇంకో తమాషా చూడండి. ఆయన చివరి ఎమ్మెల్యే టర్మ్ ముగిసిన 1983లోనే రాష్ట్రంలో సైకిల్ గుర్తు అధికారంలోకి వచ్చింది.. కాకపోతే అది ఎన్టీఆర్ పార్టీది!

1985 మే 19న సుందరయ్య చనిపోయారు, 72 ఏళ్ల వయసులో. అప్పటికి ఆయన సీపీఎం రాష్ట్ర కార్యదర్శి. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరు మీద విజ్ఞాన కేంద్రం ఉంది. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు కావాలంటే రీసెర్చ్ చేసేవాళ్లు అక్కడికి వెళ్లేవారు.