సౌధంలో సుధ

మనిషి పోతే పదకొండు రోజులో పన్నెండు రోజులో మైల పట్టి, తలకు నీళ్ళు పోసుకుని, నలుగురికీ భోజనం పెడతాం. ఒక పని పోతే ఎవరూ తలకు పోసుకోరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల గానుగ సున్నం పోయింది. ఏ రోజు పోయిందో ఎవరూ రాసి పెట్టుకోలేదు. కోటగోడలు, జమీందార్ల మహళ్ళు, గుడి గోపురాలు, కాలేజీ వసారాలు, మన తాతల మిద్దెలు అన్నిటినీ పట్టి నిలబెట్టింది అదే. కొన్ని చోట్ల డంగు సున్నం అంటారు, కొన్ని చోట్ల గార అంటారు. ఏ పేరుతో పిలిచినా ఇప్పుడు పలికే దిక్కు లేదు కాబట్టి ఈ నాలుగు మాటలు దాని పేరు మీద రాస్తున్నాను.

సంస్కృతంలో సుధ అంటే అమృతం. సున్నం కూడా సుధే. సున్నం పూసిన కట్టడం కనకే అది సౌధం అయింది. ఈ సంగతి తెలిసిన రోజు సాయంత్రం నేను మా ఊరి పాత బజారులో ఒక చివరి నుంచి ఇంకో చివరికి గోడలు చూసుకుంటూ నడిచాను. రాయి వేసినవాడి పేరు మీద కాదు, ఇటుక కాల్చినవాడి పేరు మీద కాదు, పైన పూసిన సున్నం పేరు మీద మన పెద్దలు మేడకు పేరు పెట్టారు. సున్నానికి అంతకంటే పెద్ద గౌరవం ఏ భాషలో దక్కిందో నాకు తెలియదు.

మా అవ్వ చెప్పేది, ఇల్లు కట్టాలనుకుంటే ముందు గానుగ గాడి తవ్వేవాళ్ళని. నేల మీద గుండ్రంగా కాలువలాగా తవ్వి, దానికి రాతి పలకలు పరచాలి. నడిమధ్య గుంజ. గుంజకు అడ్డకొయ్య, దానికి గుచ్చిన పెద్ద రాతి చక్రం, కొయ్య చివర కట్టిన ఎద్దు. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే చక్రం గాడిలో దొర్లుతుంది. దాని కింద సున్నం, ఇసుక, ఇటుక పొడి నలిగి నలిగి ఒకటవుతాయి. పక్కన ఒక పిల్లవాడు కూర్చుని చెంబుతో నీళ్ళు పోస్తూ, గాడి అంచులకు ఎగబాకిన ముద్దను పారతో మళ్ళీ మధ్యకు తోస్తుండాలి. అవ్వకు పదేళ్ళప్పుడు ఆ పని ఆమెదే. ఎద్దు ఆగితే మేస్త్రీ తిట్టేది ఎద్దును కాదు, తననే అని ఎనభై ఏళ్ళ వయసులో కూడా చెప్పి నవ్వేది.

ఆ గానుగ దాకా రావడానికే సున్నం చాలా దారి నడిచేది. చేలగట్ల మీద, వంకల ఒడ్డున దొరికే సున్నపు గుండ్లను ఏరి, బట్టీలో కట్టెలతో వరసలు వరసలుగా పేర్చి కాల్చేవాళ్ళు. తొమ్మిది వందల డిగ్రీల దాకా వేడెక్కితే రాయిలోని బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి, చేతికి తేలికగా తగిలే తెల్ల గడ్డ మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే పగిలి, బుసలు కొడుతూ, కుతకుత ఉడుకుతుంది. పిల్లల్ని ఆ చాయలకు రానిచ్చేవాళ్ళు కాదు. అట్లా విరిగిన సున్నాన్ని గుంతలో నీళ్ళ కింద వారాల తరబడి, తీరుబడి ఉంటే నెలల తరబడి మాగబెట్టాలి. ఎంత మాగితే అంత వెన్న. తర్వాత కరక్కాయలు దంచి నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపాలి. గార గబగబా ఆరి నెర్రెలు విచ్చకుండా అవి కాపాడతాయి. ఉన్నవాళ్ళ ఇళ్ళలో అయితే పైపూతలోకి కోడిగుడ్ల తెల్లసొన, పెరుగు కూడా పడేవి. పూసిన గోడను వంకలో దొరికిన నున్నటి గులకరాయితో రోజుల తరబడి రుద్దితే మొహం కనిపించేది. మే నెల మిట్టమధ్యాహ్నం అట్లాంటి గోడకు చెంప ఆనించి చూసినవాళ్ళకు నేనేం చెబుతున్నానో తెలుస్తుంది.

మిద్దె మీది పని ఇంకా పెద్దది. దూలాల మీద దంతెలు, దంతెల మీద సన్న ఇటుకలు నిలువునా పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన గార పోసి, ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని కొయ్యపలకలతో కొట్టేవాళ్ళు. చెయ్యి చెయ్యి ఒకే లెక్కలో పడాలి. అందుకని పాట ఉండాలి. గార గట్టిపడి పలక ఎగిరిపడేదాకా, అంటే కొన్ని రోజులు, ఆ ఇంటి మీద నుంచి పాట దిగేది కాదు.

ఇంతా చేసి పూసిన గార గోడ మీద ఊరికే ఆరిపోదు. బట్టీలో తన నుంచి ఎగిరిపోయిన బొగ్గుపులుసు గాలినే మళ్ళీ బయట నుంచి కొద్దికొద్దిగా పీల్చుకుంటూ, ఏళ్ళ మీద తిరిగి రాయి అవుతుంది. రాయిగా పుట్టి, నిప్పులో కాలి, నీళ్ళలో విరిగి, గాలి తాగి మళ్ళీ రాయి అయ్యే వస్తువు ఇది. సన్నటి పగులు వస్తే వాననీటిలో కొంచెం కరిగి, ఆ పగుల్లోకే చేరి గట్టిపడుతుంది. తన గాయాన్ని తనే మాన్పుకుంటుందని పాత బేల్దార్లు అనేది ఉత్త మాట కాదు.

మన పక్కన ఉన్న పాత కట్టడాల్లో దేన్ని ముట్టుకున్నా ముందు చేతికి తగిలేది ఇదే. గుర్రంకొండలో 1791లో నిజాం, ఇంగ్లీషు సేనలు ముట్టడించిన కోట కింద రంగిని మహల్ ఉంది. దాని కమానుల మీది నగిషీ అంతా గారే. చంద్రగిరి రాజమహల్ మూడంతస్తులూ కలప దూలం లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేచాయి. పుంగనూరులో సుగుటూరు వంశపు జమీందార్ల మహల్ ఉంది. ఏడాదికోసారి సుగుటూరు గంగమ్మ జాతరకు ఆ ఆవరణ జనంతో కిటకిటలాడుతుంది. కుప్పం పక్కన కంగుందిలో పాలెగార్ల కోటగోడలు గుండ్ల మధ్య కూలుతూ నిలబడి ఉన్నాయి.

మదనపల్లె సంగతి కొంచెం వేరు. ఇక్కడ రాజులకంటే చదువుకున్నవాళ్ళు, రోగులకు సేవ చేసినవాళ్ళు ఎక్కువ కట్టించారు. 1915లో అనీ బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల పెట్టించింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు వచ్చి ఇక్కడే ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి రాశాడు. దానికి స్వరలిపి కుదిర్చిన మార్గరెట్ కజిన్స్ ఈ కాలేజీ అప్పటి ప్రిన్సిపాలుగారి భార్య. ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం పెట్టిన శానిటోరియం దాదాపు కాలేజీ వయసుదే. అప్పటికి క్షయకు మందు లేదు, మంచి గాలే మందు. అందుకే బారు వసారాలు, పెద్ద కిటికీలు, సున్నం కొట్టిన గోడలు. రోగి ఊపిరి పీల్చుకోవాలని కట్టిన చోట గోడ కూడా ఊపిరి పీల్చుకునేదే అయి ఉండటం తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

అప్పటికే గారకు చావు రాసిపెట్టి ఉంది. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. 1914లో పోరుబందరులో మన దేశపు సిమెంటు నిలదొక్కుకుంది. మన కాలేజీ మొదలైంది ఆ మరుసటేడే. ఆ తర్వాత 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. రైతుకు భూమి మీద హక్కు రావాల్సిందే, దానికి నేను రెండో మాట చెప్పను. అయితే ఆ మహళ్ళకు ఏటేటా సున్నం కొట్టించిన ఖర్చు కూడా దాంతోపాటే ఆగింది. వాన పడిన చోట పడినట్టే ఉంది. గానుగ తిప్పే మేస్త్రీకి కబురు పంపేవాళ్ళు లేక, అతని కొడుకు బెంగుళూరులో సిమెంటు పనికి పోయాడు. గారకు నెలలు కావాలి, సిమెంటుకు రాత్రి చాలు. రోజు కూలి మీద బతికేవాడు ఏది ఎంచుకుంటాడు? సిమెంటు మీద నాకు కోపం లేదు. ఆనకట్టలకు, వంతెనలకు అది కావాలి. పాత గోడ ఒంటికి అది పడదు, అంతే.

పడదని మా ఇంట్లోనే చూశాను. తాత కట్టిన ఇంటి గోడకు అడుగున చెమ్మ పట్టి పొరలు రాలుతుంటే, పాత గార అంతా చెక్కించి సిమెంటు పూయించాం. మేస్త్రీ మంచివాడే, పని నీటుగా చేశాడు. మొదటి ఏడు ఎంతో బాగుంది. రెండో వానాకాలానికి చెమ్మ నడుమెత్తు ఎక్కింది. మూడో ఏడు పూత అరచేయి మందాన పెళ్ళలు పెళ్ళలుగా విడిపడింది, దాని వెనక ఇటుక వేలితో గీరితే పిండి. నేలలోంచి పైకెక్కిన తడి ఇంతకాలం గారలోంచి బయటికి పోయేది. దాని దారి మేమే మూశాం. నీళ్ళు పోయే తావు లేక పైకెక్కాయి, నీళ్ళతో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పగలగొట్టింది. అన్నం పెట్టిన చేతికే సున్నం పెట్టినట్టు అంటారు. మేము దాన్నీ తిరగేసి, సున్నం పెట్టిన గోడకు సిమెంటు పెట్టాం. గుళ్ళలో, సత్రాల్లో జీర్ణోద్ధరణ పేరుతో ఇప్పుడు జరుగుతున్నది చాలా చోట్ల ఇదే. చేసేవాళ్ళది భక్తే. అందుకే ఇంకా బాధ.

కాపాడాలనుకుంటే కాపాడుకోలేమా అంటే, పుంగనూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆవు. మనిషి నడుము దాటని ఆ పొట్టి జాతి కనుమరుగయ్యే దశకు వస్తే పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పట్టుదలగా నిలబెట్టారు. ఇవాళ దానికోసం దేశమంతా వెతుకుతున్నారు. ఆవు పుట్టిన ఊళ్ళోనే సున్నానికి ఒక్క కొట్టం వేసినవాళ్ళు లేరు. పారిస్‌లో 2019 ఏప్రిల్‌లో కాలిపోయిన నోటర్ డామ్‌ను 2024 డిసెంబరుకు మళ్ళీ తెరిచారు. పాత రాతికి పాత పద్ధతి సున్నపు గారే వాడారు. గొడ్డలితో దూలం చెక్కేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు అక్కడ ఇంకా బతికి ఉండబట్టి అది కుదిరింది. మన పురావస్తు శాఖ కూడా తన కట్టడాలకు సున్నమే వాడుతుంది. కానీ ఆ శాఖ బోర్డు లేని గోడలు మన ఊళ్ళలో వందకు తొంభై.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. మనం గార అంటాం, కన్నడం వాళ్ళు గారె అంటారు, తమిళులు కారై అంటారు. మాట కొంచెం మారిందే గానీ చెయ్యి మారలేదు, ఆ చేతికి సరిహద్దు లేదు. కంగుంది కుప్పం వీధి నాటకం పేరు విన్నవాళ్ళకు ఆ నేల మీద కళ ఎట్లా బతికిందో తెలుసు. భారతం ఉత్సవం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ ఆట. ఆ ఆటకు ఇప్పటికీ గురువులు ఉన్నారు, కాలికి గజ్జె కట్టుకునే పిల్లలు ఉన్నారు. కంగుంది గోడకు మాత్రం ఎవరూ లేరు.

పోయినేడు చలికాలంలో డెబ్బై దాటిన ఒక బేల్దారి పెద్దాయనను వెంటబెట్టుకుని కంగుందికి పోయాను. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు తాళ్ళు కట్టుకుని గుండ్లు ఎక్కుతున్నారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. నేరుగా ఒక మొండిగోడ దగ్గరికి పోయి, అర చెయ్యి పొడవు రాలిపడి ఉన్న పెళ్ళను తీసుకుని ఎండకు తిప్పాడు. నేను కూడా వంగి చూశాను. సజ్జగింజలంత ఇసుక, ఎర్రటి ఇటుక నలుసులు, కలవకుండా మిగిలిన తెల్లటి సున్నపు చుక్క ఒకటి. వెనక వైపు, గోడకు అంటిన వైపు, పూసినవాడి బొటనవేలి గుర్తు. వేలి రేఖలు కూడా పోలేదు.

“మీ తాత చేసినదా?” అన్నాను, ఏమనాలో తెలియక.

“ఎవుని తాతైతే ఏముండాది నాయినా,” అన్నాడాయన. “వాడు బాగా మాగబెట్టినాడు. మేము తొందరపడతా ఉండినాం.”

పెళ్ళ నా చేతికి ఇస్తాడనుకున్నాను, ఇంటికి తెచ్చుకోవచ్చని. ఇవ్వలేదు. గోడంతా తడుముకుంటూ అది రాలిన గుంట ఎక్కడుందో వెతికాడు. రెండుసార్లు తప్పు చోట పెట్టి చూశాడు. మూడోసారి అంచుకు అంచు కుదిరింది. నోటిలో కొంచెం నీళ్ళు పుక్కిలించి గుంటలో చిలకరించి, పెళ్ళను అందులో కూర్చి, అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. నిలవదని ఆయనకూ తెలుసు. అయినా చాలాసేపు చెయ్యి తీయలేదు.